అయిదు గంటల బస్సు

సంచీ అడుగున తువ్వాలు పరిచి, దాని మీద రెండు లుంగీలూ మూడు బనీన్లూ పెట్టింది శ్యామలాదేవి. మందుల డబ్బా ఒక పక్కకి దూర్చింది. మాగాయ సీసా మూతకి ప్లాస్టిక్ కాగితం చుట్టి దారంతో బిగించి, నమ్మకం చాలక మళ్ళీ విప్పి, ఇంకో పొర చుట్టింది. బంతులకి గాలి కొట్టే సూదుల పొట్లం కూడా అందులోనే వేసింది. జిప్పు లాగి, సంచీ ఒకసారి ఎత్తి బరువు చూసి, కింద పెట్టి, గోడ గడియారం కేసి చూసింది.

ప్రయాణం ఆదివారం సాయంత్రం. ఇవాళ శుక్రవారం. అయినా ఆవిడ తొందర ఆవిడది. మంచి వేళ చూసి సంచీని గడప దాటించి పొరుగింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ తర్వాత మనిషి ఏ వేళకి కదిలినా దోషం అంటదు. ప్రస్థానం పెట్టడం అంటారు దాన్ని. సింగపూరుకి కాపురానికి వచ్చిన నాటినుంచీ, భర్త ఊరు దాటిన ప్రతిసారీ ఆవిడ ఆ పని చేస్తూనే ఉంది. హౌగాంగ్‌లో వాళ్ళ పక్క ఫ్లాటు రోకియాది. రోకియాకి తెలుగు రాదు, ప్రస్థానమంటే తెలీదు. కానీ శ్యామలాదేవి సంచీతో గుమ్మంలో నిలబడితే చాలు, నవ్వుకుంటూ లేచి కుట్టుమిషను కింద జాగా చేస్తుంది. ఈసారి ఎక్కడికని మలాయ్‌లో అడిగింది. మలక్కా అంది శ్యామలాదేవి. బస్సెక్కి నిద్రపోయి లేచేసరికి వచ్చే ఊరికి ఇంత భయమా అంటూ రోకియా సంచీ మీద పాత సారోంగు లుంగీ ఒకటి కప్పింది.

విశ్వనాథానికి ఇవేవీ గిట్టవు. అందుకే ఆయన స్నానానికి వెళ్ళినప్పుడో, కింద కాఫీ షాపులో కూర్చున్నప్పుడో ఈ పని జరిగిపోతుంది. ఆయన నమ్మేది చేతి గడియారాన్ని. హార్బరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ, ఒక పాలిటెక్నిక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా మాత్రం ఇంకా పనిచేస్తున్నాడు. అక్కడ ఆయన నియమం ఒక్కటే. చెప్పిన టైముకి ఉన్నవాడు ఆడతాడు, లేనివాడు ఆడడు. కారణం అడగడు, చెప్పబోతే వినడు.

కిందటేడు జొహోర్‌లో పోటీలకి వెళ్ళేటప్పుడు కెప్టెన్ హాఫిజ్‌కి కాస్త ఆలస్యమైంది. వాళ్ళ నాయనమ్మ ఆస్పత్రిలో ఉంది. ఆమె మంచం పక్కనుంచి తిన్నగా పరిగెత్తుకొచ్చాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. కెప్టెన్ లేకుండా వెళ్ళి ఓడి వచ్చారు. ఆ మరుసటి ఆదివారం హాఫిజ్ అందరికంటే ముందొచ్చి గోల్‌పోస్టులకి వలలు కట్టాడు. జట్టంటే అదీ అని విశ్వనాథం ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. ఆ రోజు సాగనంపడానికి వెళ్ళిన శ్యామలాదేవికి మాత్రం, నడిరోడ్డు మీద ఆగిపోయిన ఆ పిల్లవాడూ, అతని చేతిలో వేలాడుతున్న బూట్లూ కళ్ళముందు నుంచి పోలేదు.

ఇప్పుడు అదే గతి జట్టులోని తెలుగు కుర్రాడు శశికాంత్‌కి పట్టబోతోందని ఆవిడ బెంగ.

*

అవి ఆంధ్రా నుంచి వారానికో కుటుంబం దిగుతున్న రోజులు. లిటిల్ ఇండియాలో గోంగూర కట్ట కోసం వెళితే ఎప్పుడూ చూడని మొహాలు కనబడేవి. మెడలో ఆఫీసు బిళ్ళ వేలాడేసుకున్న కుర్రాళ్ళు, ఫోన్ కార్డు గీకుతూ బిడియంగా నిలబడ్డ కొత్త కోడళ్ళు. ఇన్నేళ్ళూ ఇంట్లో తప్ప తెలుగు వినని శ్యామలాదేవికి ఆ రోజుల్లో మార్కెట్టుకి వెళ్ళడమే ఒక పండగ. శశికాంత్ తండ్రి అలా కంప్యూటరు ఉద్యోగం మీద వచ్చినవాడే. పాసిర్ రిస్‌లో ఉంటారు. కుర్రాడు పాలిటెక్నిక్‌లో చేరిన నెలకే విశ్వనాథం ఇంటికొచ్చి, భోజనం ముందు కూర్చుని, మన తెలుగు పిల్లాడొకడు దిగాడే, వాడి కాలికి బంతి అతుక్కుపోతుంది అని చెప్పాడు. ఆయన ఒకరిని పొగడగా విని చాలా కాలమైంది.

ఆ పొగడ్త ఎంతో కాలం నిలవలేదు. మామూలు రోజుల్లో కాలేజీ అయ్యాక అందరితోపాటే గ్రౌండులోకి దిగే కుర్రాడు, ఆదివారం అయిదింటి ప్రాక్టీసుకి మాత్రం ఆరు దాటాకే వస్తాడు. వచ్చి, గ్రౌండు చుట్టూ శిక్షగా పరుగులు తీసి, ఉన్న కాసేపట్లో అందరినీ మరిపించేలా ఆడి వెళ్ళిపోతాడు. అడిగితే తలదించుకుంటాడు. విశ్వనాథం అతన్ని ఏడాదంతా బెంచీ మీద కూర్చోబెట్టి, ఎప్పుడో చివరి పది నిమిషాలకి దింపేవాడు. వాడిది పుట్టుకతో వచ్చిన విద్య, చెమటోడ్చి తెచ్చుకున్నది కాదు, అందుకే దాని విలువ వాడికి తెలీదు అనేవాడు. మలక్కాలో పోటీలకి బస్సు ఆదివారం అయిదింటికని శశికాంత్ మొహంలోకే చూస్తూ చెప్పాడట.

ఊరు దాటే ముందు శుక్రవారం సాయంత్రం బూట్ల తనిఖీ. పిల్లలు బూట్లు తోమి, ఆరబెట్టి, కోచ్ ఇంటి ముందు వరండాలో వరసగా పెట్టాలి. విశ్వనాథం ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కో జత ఒళ్ళోకి తీసుకుంటాడు. అడుగున ఉన్న బుడిపెలు ఒక్కొక్కటే బొటనవేలితో కదిపి చూస్తాడు. లోపలికి చెయ్యి పోనిచ్చి తడి ఉందేమో తడుముతాడు. లేసు చివర పోగులు విడిపోయి ఉంటే అగ్గిపుల్ల గీసి కాల్చి, వేళ్ళతో నులుపుతాడు. బాగుంటే బూట్లు తిప్పి కింద పెడతాడు. బాగుండకపోతే ఏమీ అనకుండా చేతికిచ్చేస్తాడు. శ్యామలాదేవి బార్లీ నీళ్ళ గ్లాసులు పట్టుకుని ఆ కాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ తిరుగుతుంది. చైనా పిల్లలు, మలాయ్ పిల్లలు, తమిళ పిల్లలు, అందరికీ ఆవిడ ఆంటీయే.

శశికాంత్ వరస చివర, రోకియా గుమ్మం పక్కన కూర్చున్నాడు. అతని బూట్లు చూడటానికి విశ్వనాథానికి ఎక్కువసేపు పట్టింది. తప్పు దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టుంది. దొరకలేదు. తిప్పి కింద పెట్టాడు. అంతలో ఎవరో తెచ్చిన కొత్త బంతి మెత్తగా ఉందని, గాలి సూది పట్రమ్మని భార్యని కేకేశాడు. సూదులు సంచీలో ఉన్నాయి, సంచీ రోకియా ఇంట్లో ఉంది. శ్యామలాదేవి ఏమీ ఎరగనట్టు పక్క గుమ్మంలోకి వెళ్ళి, సారోంగు ఎత్తి, వంగి, సూది తీసుకుని బయటికొచ్చింది. గుమ్మం పక్కన కూర్చున్న శశికాంత్ అంతా చూశాడు. అతని పెదాల మీదికి చిన్న నవ్వొచ్చింది.

"ప్రస్థానం పెట్టారా ఆంటీ?" అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా.

ఆవిడ తిరిగి చూసింది. ఆ మాట పుట్టింట్లో వినడమే గానీ, ఇన్నేళ్ళలో ఇక్కడ ఎవరి నోటా వినలేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఇది ఎలా తెలుసు? అందరూ వెళ్ళిపోతుంటే, గ్లాసులు సాయం పట్టమని అతన్ని వంటింట్లోకి పిలిచింది. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో అడిగింది.

"మీ ఇంట్లో కూడా ఇవన్నీ చూస్తారేటి బాబూ?"

"మా అమ్మ చూస్తుంది ఆంటీ." ఇంకో గ్లాసు కొళాయి కింద పెట్టాడు. "ఆదివారం రాహుకాలం కదా. నాలుగున్నర నుంచి ఆరు దాకా నన్ను ఇల్లు కదలనివ్వదు. బూట్లు వేసేసుకుని తలుపు దగ్గరే ఉంటాను. ఆరు అవగానే పరిగెత్తుతాను."

"అయ్యో. మరి కోచ్‌గారికి చెప్పుకోవచ్చు గదా."

"ఏమని చెప్పను? వీళ్ళంతా పడి పడి నవ్వుతారు. కోచ్ మా అమ్మకి ఫోన్ చేసి మాట్లాడతారు. అమ్మని ఎవరైనా ఒక్క మాట అంటే నాకు..." గ్లాసు బోర్లించాడు. "లేజీ అనుకుంటే అనుకోనీండి. అది నన్నే కదా అనేది. మీరు అంకుల్‌కి చెప్పకండి, ప్లీజ్."

ఆవిడ చెప్పనంది. ఆదివారం ఏం చేస్తావని అడగబోయి, ఆ తడి చేతులు చూసి అడగలేకపోయింది.

*

శనివారం పొద్దున్న జంతికలు ఒక డబ్బాలో పోసుకుని శ్యామలాదేవి పాసిర్ రిస్ బస్సెక్కింది. దారంతా మాటలు కూర్చుకుంది. సంచీ ముందుగా నా ఇంటికి పంపించమ్మా, ప్రస్థానం పెడదాం, ఇక పిల్లాడు ఎప్పుడు బయలుదేరితేనేం? ఈ మాట అంటే ఏ తల్లి కాదంటుంది అనుకుంది.

శశికాంత్ తల్లి అరుణ తలుపు తీసి, వచ్చినావిడ ఎవరో తెలియగానే కంగారుపడి కుర్చీ తుడిచింది. నలభై దాటి ఉండవు, అయినా కళ్ళ కింద అలసట ఉంది. భర్త శనివారం కూడా ఆఫీసేనని, పండగా పబ్బమూ లేదని చెబుతూ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వంటింటికీ పడకగదికీ మధ్య సన్నటి నడవా ఉంది. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరగాల్సిందే. శశికాంత్ ఆ నడవాలో, ఇటు వీపు పెట్టి ఉన్నాడు. ఆమె వచ్చినట్టు చూడలేదు.

పాత మేజోడులో టెన్నిస్ బంతి పెట్టి మూతి కుట్టేశారు. అది అతని పాదం మీద నుంచి మోకాలి మీదికి, మోకాలి నుంచి భుజం మీదికి లేచి, మళ్ళీ పాదం మీదికి దిగుతోంది. దిగినప్పుడల్లా పాదం దానితోపాటు కిందికి వెళ్ళి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు అందుకుంటోంది. నేలకి తగలదు. గోడకి తగలదు. చప్పుడు లేదు. శ్యామలాదేవి చూస్తూ కూర్చుంది. ఎంతసేపైనా బంతి కింద పడలేదు.

"కింది ఫ్లాటు చైనా ముసలాయన రెండుసార్లు వచ్చి పోట్లాడాడండీ," అంది అరుణ కాఫీ ఇస్తూ. "చప్పుడైతే పోలీసులకి చెబుతానన్నాడు. అప్పట్నుంచి ఇలా. ఆదివారం ఆ గంటన్నరా ఇదే పని వీడికి. మొదట్లో పది సార్లు పడేది. ఇప్పుడు అడపాదడపా కూడా పడదు."

పుట్టుకతో వచ్చిన విద్య అన్న భర్త మాట శ్యామలాదేవి చెవిలో తిరుగుతోంది. ఇదా పుట్టుకతో వచ్చింది? ఒక గుక్క కాఫీ తాగి, కూర్చుకొచ్చిన మాటలన్నీ వరసగా చెప్పింది. అరుణ వింటూనే తల అడ్డంగా ఊపింది.

"మా తమ్ముడు ఆదివారం మూడింటికే బయలుదేరాడు ఆంటీ. మంచి వేళ చూసే పంపాం. అయిదుంబావుకి దారిలో లారీ..." పైట చెంగు వేలికి చుట్టుకుంది. "ఎప్పుడు బయలుదేరామన్నది కాదండీ, ఆ గంటన్నర బయట ఉండటమే. వారంలో వీడు కాలేజీలో ఉంటాడు, నా చేతుల్లో లేదు. ఆదివారం నా చేతుల్లో ఉంది. సంచీ మీ ఇంట్లో భద్రంగా ఉండి, నా కొడుకు రోడ్డు మీద ఉంటే నాకేం లాభం?"

శ్యామలాదేవి కంగారుపడింది. కంగారులో, పెళ్ళయిన కొత్తలో అత్తగారు చెప్పిన సంగతి నోరుజారి వచ్చేసింది.

"అయినా నాలుగున్నర అన్నది మన ఊళ్ళ లెక్కమ్మా. అక్కడ పొద్దు ఆరింటికి పొడుస్తుంది. ఇక్కడ ఏడింటికి గదా. పొద్దుని బట్టి గదా రాహుకాలం. ఇక్కడ ఆదివారం అయిదున్నర నుంచి ఏడు. మా అత్తగారి నాటినుంచి మేం అలాగే చూస్తాం. అయిదింటికి బస్సు కదిలితే..."

అరుణ కప్పు బల్ల మీద పెట్టింది.

"అయిదున్నర నుంచి ఏడా?"

"అవునమ్మా."

"అంటే ఆరింటికి..." గుమ్మం వైపు చూసింది. "ఆరింటికి నేనే తలుపు తీసేదాన్ని. జాగ్రత్త నాన్నా అని నేనే పంపేదాన్ని. ఏడాది నుంచీ."

నడవాలో పాదాల కదలిక ఆగిపోయింది. శశికాంత్ బంతి చేత్తో పట్టుకుని వీళ్ళకేసి చూస్తున్నాడు. ఏమీ కాలేదు గదమ్మా, చూడు ఎలా ఉన్నాడో అనబోయింది శ్యామలాదేవి. ఆ మాట కూడా తప్పుగా వినబడుతుందేమోనని మింగేసింది. అరుణ లేచి కుంకుమ భరిణె తెచ్చి బొట్టు పెట్టింది. వెళ్ళి రండి ఆంటీ అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని శ్యామలాదేవి తనని తాను తిట్టుకుంది. సాయం చేద్దామని వెళ్ళి ఉన్నదీ చెడగొట్టి వచ్చింది. ఇన్నాళ్ళూ గంటన్నరే తలుపు మూసేది. ఇప్పుడు రెండు లెక్కలూ కలిపి నాలుగున్నర నుంచి ఏడు దాకా మూస్తుంది. తనే ఆ తల్లి అయితే అదే చేసేది.

*

చెప్పనని మాట ఇచ్చింది గానీ, రాత్రి అన్నం దగ్గర ఆవిడ ఆ మాట నిలుపుకోలేకపోయింది. విశ్వనాథం మజ్జిగన్నం కలుపుకుంటూ విన్నాడు. రాహుకాలం అన్న మాట రాగానే మొహం ముడిచాడు. విసుగొస్తే ఆయన నోట మలాయ్ మాటే ముందొస్తుంది.

"అలామక్! ఇదా సంగతి? నేనేం గుళ్ళో అయ్యరునా, వేళలు చూసి బస్సు నడపడానికి? అయిదు సరిగ్గా అవగానే బస్సు వెళ్ళిపోతుంది. హాఫిజ్‌కి అదే, వీడికీ అదే."

"నేను బస్సు గురించి చెప్పలేదు," అంది శ్యామలాదేవి. "వాడి ఆట గురించి చెబుతున్నాను." నడవా గురించి చెప్పింది. మేజోడులో కుట్టిన బంతి గురించి, కింది ఫ్లాటు ముసలాయన గురించి, ఏడాదిగా ప్రతి ఆదివారం బూట్లు వేసుకుని ఆ గంటన్నరా అతను చేసే పని గురించి చెప్పింది. ఆమెకి ఆటలో ఓనమాలు రావు. చూసింది చూసినట్టు చెప్పింది.

విశ్వనాథం చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"చప్పుడు లేకుండానా?"

"లేకుండానే."

ఆయన అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, వరండాలోకి వెళ్ళి కిందికి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. లోపలికొచ్చాక రేపు సాగనంపడానికి వస్తున్నావా అని మాత్రం అడిగాడు. వస్తానంది.

*

ఆదివారం నాలుగున్నరకల్లా వాళ్ళు కాలేజీ గ్రౌండు దగ్గర ఉన్నారు. బస్సు అప్పటికే వచ్చి చెట్ల నీడలో ఆగి ఉంది. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు, సంచీలు బస్సు కింది అరలోకి తోస్తున్నారు. హాఫిజ్ ఎప్పట్లాగే ముందొచ్చి, నీళ్ళ సీసాలు లెక్కపెట్టి పెట్టెలో సర్దుతున్నాడు. బంతులన్నీ పెద్ద వలసంచీలో కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఆ పని విశ్వనాథం పొద్దున్నే ఇంట్లో ముగించాడు. ప్రతి బంతికీ గాలి చూసి, మూతి గట్టిగా కట్టి తెచ్చాడు. కట్టేటప్పుడు ముడి మీద వేలు పెట్టి పట్టుకున్నది శ్యామలాదేవే.

అయిదవుతుంటే ఆవిడ గేటుకేసి చూసింది. ఎవరూ లేరు. అయిదయింది. పిల్లలందరూ ఎక్కి కూర్చున్నారు. వెనక సీట్లలో ఎవరో, శశి ఈజ్ లేట్ అగైన్ లా అన్నారు. ఇంకెవరో నవ్వారు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, కోచ్, ఫైవ్ ఆల్రెడీ అన్నాడు.

విశ్వనాథం వాచీ చూసుకున్నాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. శ్యామలాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హాఫిజ్ రోడ్డు మీద నిలబడి బస్సుని చూసిన చోటే ఇది కూడా.

ఆయన కాలు కిందికి దించాడు. కింది అర దగ్గరికి వెళ్ళి, వలసంచీ బయటికి లాగి, ముడి విప్పాడు. మొదటి బంతి తీశాడు. సూది నాలిక మీద తడిచేసుకుని, రంధ్రంలో గుచ్చి, పంపు రెండుసార్లు కొట్టాడు. రెండు బొటనవేళ్ళతో నొక్కి చూశాడు. నడుము ఎత్తు నుంచి వదిలి, ఎగిరిన బంతిని తల వంచి చూశాడు. గడ్డి మీద పెట్టాడు. రెండో బంతి తీశాడు.

డ్రైవరు ఏమిటన్నట్టు చూశాడు. బాల్స్ చూడాలి అన్నాడు విశ్వనాథం, తల ఎత్తకుండా.

బస్సులో నవ్వులు ఆగిపోయాయి. కిటికీల్లో తలలు వరసగా కనబడ్డాయి. కోచ్ ఏం చేస్తున్నాడో వాళ్ళకి అర్థం కావడానికి మూడో బంతి దాకా పట్టింది. ఆ తర్వాత హాఫిజ్ బస్సు దిగి వచ్చాడు. కోచ్ పక్కన గడ్డి మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, నాలుగో బంతి అందించాడు. విశ్వనాథం అతని మొహం చూడలేదు. బంతి తీసుకున్నాడు. సూది తడిచేశాడు. గాలి నిండుగా ఉన్న బంతికి గాలి కొట్టి, ఎక్కువైందని మళ్ళీ వదిలాడు.

అలా బంతులన్నీ అయిపోయాయి. విశ్వనాథం మొదటి బంతి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. హాఫిజ్ దాన్ని పట్టుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గర టాక్సీ ఆగింది. ముందు అరుణ దిగింది. తర్వాత శశికాంత్ దిగాడు. పద్దెనిమిదేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి బడికి తెచ్చినట్టు, ఆమె గ్రౌండు దాటుకుంటూ వచ్చింది. ఆ చెయ్యి శశికాంత్ విడిపించుకోలేదు. బస్సులోంచి అందరూ చూస్తున్నా విడిపించుకోలేదు.

విశ్వనాథం లేచి నిలబడ్డాడు. మోకాళ్ళకి అంటిన గడ్డి దులుపుకున్నాడు.

"బాల్స్ వలలో వెయ్యి," అన్నాడు శశికాంత్‌తో.

శశికాంత్ పరిగెత్తాడు. హాఫిజ్, అతనూ కలిసి వల నింపి ముడి వేశారు.

అరుణ వచ్చి శ్యామలాదేవి పక్కన నిలబడింది. పరిగెత్తి వచ్చిన మనిషిలా వగరుస్తోంది.

"నాలుగున్నరకి ఇద్దరం తలుపు దగ్గరే కూర్చున్నాం ఆంటీ. అయిదయినా నేను లేవలేకపోయాను. వాడు ఒక్క మాట అనలేదు. బంతి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ ఆడలేదు కూడా. ఇంట్లోనే ఉన్నాడు గానీ, లేనట్టే ఉన్నాడు." కళ్ళు తుడుచుకుంది. "ఏమైనా అయ్యేటట్టుంటే నేను కూడా పక్కనే ఉంటానని టాక్సీ పిలిచాను. ఇక్కడిదాకా వచ్చాను, ఇక ముందుకి బస్సు ఎలాగూ నన్ను ఎక్కించుకోదు."

శ్యామలాదేవి వాచీ చూసుకుంది. అయిదున్నర దాటింది. తను చెప్పిన లెక్క ప్రకారం అసలైన వేళ ఇప్పుడే మొదలైంది. విశ్వనాథం అయిదింటికే బస్సు కదిలించి ఉంటే అందరూ ఆ లోపలే గేటు దాటి బయలుదేరేవారు. ఆగడం వల్ల సరిగ్గా ఆ వేళలోనే కదులుతున్నారు. ఆ సంగతి అరుణకి తెలుసు. ఆమె కూడా వాచీ చూసుకోవడం శ్యామలాదేవి గమనించింది. బస్సు కదిలి, గేటు దాటి, మలుపు తిరిగింది. రోడ్డు ఖాళీ అయ్యాక కూడా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. తర్వాత శ్యామలాదేవి అరుణని హౌగాంగ్ తీసుకెళ్ళి, ఏడు దాటేదాకా తన ఇంట్లో కూర్చోబెట్టుకుని, కాస్త అన్నం తినిపించి పంపింది.

*

బుధవారం మధ్యాహ్నం అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. ఫైనల్లో ఓడిపోయారు. శశికాంత్ కొట్టిన రెండో గోలు గురించి తమిళ పిల్లలు కింద కాఫీ షాపులో బల్లల మీద గ్లాసులు జరిపి మరీ చూపించారట. విశ్వనాథం మాత్రం మాగాయ బాగుందని అన్నాడు. శ్యామలాదేవి సంచీ విప్పి బట్టలు తీసి నీళ్ళలో వేసి, వెదురు కర్ర మీద ఆరేసి కిటికీ బయటికి తోసింది.

గురువారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వెళ్ళాడు. తిరిగొచ్చి, చెప్పేశాను అన్నాడు. ఏం చెప్పేశారని ఆవిడ అడిగింది.

"మానేస్తున్నానని."

ఆవిడ గరిటె కింద పెట్టింది. పిల్లలెవరైనా ఏమైనా అన్నారా అంది. లేదన్నాడు. కాలేజీవాళ్ళా అంది. లేదన్నాడు. బస్సు ఆపినందుకు ఆయన్ని తప్పుపట్టినవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ అది మంచి పనిలాగే కనబడింది.

"వాడి కోసం ఆగడం తప్పు కాదు శ్యామలా," అన్నాడు చివరికి. "ఆగాలి. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ ఆగుతాను. మరి కిందటేడు హాఫిజ్ కోసం ఎందుకు ఆగలేదు?"

ఆదివారం గ్రౌండులో హాఫిజ్ బంతి అందిస్తుంటే ఆయన అతని మొహం ఎందుకు చూడలేకపోయాడో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక హాఫిజ్ ఒక్కడే వచ్చాడు. చెమట చొక్కాతోనే వరండాలో కూర్చున్నాడు. శశి అందరికంటే ముందొచ్చాడనీ, వాళ్ళమ్మ ఆట అయ్యేదాకా గేటు దగ్గర బెంచీ మీద కూర్చుందనీ చెప్పాడు. కొత్త కోచ్ ఎవరో ఇంకా తెలీదన్నాడు. మీరు రండి కోచ్ అన్నాడు. కిందటేటి సంగతి తానెప్పుడో మర్చిపోయానని, మనసులో పెట్టుకోలేదని అన్నాడు.

"పెట్టుకోలేదని నాకు తెలుసు," అన్నాడు విశ్వనాథం. "నాకు కష్టంగా ఉన్నది అదే."

తర్వాత ఇద్దరూ ఉత్తరం వైపు గోల్‌పోస్టు దగ్గర గడ్డి పోయిన చోటు గురించీ, వానాకాలం అక్కడ ఇసుక వేయించాలన్న సంగతీ మాట్లాడుకున్నారు. శ్యామలాదేవి బార్లీ నీళ్ళు ఇచ్చింది. హాఫిజ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

విశ్వనాథం మళ్ళీ ఆ గ్రౌండుకి వెళ్ళలేదు. రెండువేల సంవత్సరం, సెప్టెంబరు పదో తేదీ, ఆదివారం అక్కణ్ణుంచి మలక్కా బస్సెక్కడమే ఆఖరు.